నార్వే సరుకుల ఓడలో అమ్మానాన్నలతో ఒకటి రెండు రోజులు: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి?

గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. మేం స్టాక్‌హోమ్‌లో ఉంటాం. జూన్‌లో అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్నగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కొండలెక్కించే టూర్లు కుదరవు.

నాన్నగారికి చిన్నప్పటినుంచీ ఓడ మోజు. వాళ్ళ తాతగారు కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళి పదేళ్ళు ఉండొచ్చారట. ఆ కబుర్లు వింటూ పెరిగారు గానీ ఈయన ఎక్కింది మాత్రం పాపికొండల లాంచీ ఒక్కటే. సరే కదా అని పెద్ద క్రూజ్ కంపెనీ వాళ్ళ బ్రోషర్ వాట్సాప్‌లో పంపాను. ఈత కొలనులు, థియేటర్లు, పదిహేను అంతస్తులు. చూసి, "ఇది ఓడ కాదురా, కల్యాణమండపం. ఓడంటే సరుకు ఎక్కాలి, దిగాలి, రేవు రేవుకీ ఆగాలి" అన్నారు.

అలా వెతుకుతుంటే నార్వే తీరం ఓడలు తగిలాయి. దక్షిణాన బెర్గెన్ నుంచి ఉత్తరాన కిర్కెనెస్ దాకా రోజూ ఒకటి బయల్దేరుతుందట, మనుషులతోపాటు సరుకూ మోస్తుందట. పోనూ రానూ పన్నెండు రోజులు. అంత సెలవూ లేదు, అంత డబ్బూ లేదు. ముక్కగా కూడా ఎక్కొచ్చని చదివాను. ఏ ముక్క ఎక్కితే బావుంటుంది? అమ్మకి కారులో ఘాట్ రోడ్డెక్కితేనే వాంతులు. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. నాన్నగారు రెండు పూటలా సంధ్యావందనం తప్పరు, జూన్‌లో అక్కడ పొద్దు గుంకదు కదా, ఇదో కొత్త చిక్కు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

భీమిలి_బాబాయ్

తమ్ముడూ, మీ నాన్నగారి మాట నాకు భలే నచ్చింది. నేను భీమిలివాణ్ణి, చేపల చదువు చదివి ఉత్తర నార్వేలోని ట్రోమ్సో వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆ ఓడలు మా ఊరి నడిబొడ్డునే ఆగుతాయి. పని మీదా ఎక్కాను, ఊరికే కూడా ఎక్కాను. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, టీ పెట్టుకుని చదువు.

ముందు తేల్చుకోవాల్సింది ఏ ముక్క అని కాదు, ఏ వైపు అని. అందరూ ఉత్తరానికి వెళ్ళే ఓడకే ఎగబడతారు. బొమ్మల్లోనూ అదే ఉంటుంది. కానీ ఉత్తరానికి పోయేటప్పుడు రాత్రి నిద్రలో దాటిపోయే ఊళ్ళని, తిరుగు ప్రయాణంలో పట్టపగలు దాటుతుంది. టైంటేబుల్ వేసిందే అలా. లొఫోటెన్, వెస్టెరోలెన్ దీవుల మధ్య దారి ఉంది చూశావూ, మొత్తం తీరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఉత్తరానికి పోయే ఓడ లొఫోటెన్ రేవు స్వోల్వేర్‌లో రాత్రి పది గంటలప్పుడు కదిలి, ఆ ఇరుకు దారులన్నీ అర్ధరాత్రి, తెల్లవారుజామున దాటేస్తుంది. జూన్‌లో వెలుతురుంటుంది నిజమే, కానీ ఆ వేళకి మీ అమ్మగారు లేచి కూర్చోవాలిగా. దక్షిణానికి వచ్చే ఓడ అదే దారిని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా తీరిగ్గా చూపిస్తుంది.

అందుకని నా మాట: ట్రోమ్సోలో ఎక్కండి, స్వోల్వేర్‌లో దిగండి. ఒక రాత్రి, ఒక పగలు. ఓడ రాత్రి పన్నెండుకి పావు తక్కువకి వస్తుంది, ఒకటిన్నరకి కదులుతుంది. పొద్దున ఎనిమిదికి హర్‌స్టా, తర్వాత రిసోయ్‌హమ్న్, సోర్ట్‌లాన్, రెండుంపావుకి స్టోక్‌మార్క్‌నెస్, ఆరున్నరకి స్వోల్వేర్. టికెట్ కొనే ముందు ఆ సీజన్ టైంటేబుల్ ఓసారి సరిచూసుకో, అప్పుడప్పుడూ అటూ ఇటూ జరుపుతారు.

ఇంకో కారణం అమ్మగారి వాంతులు. ఈ ముక్క దాదాపు అంతా దీవుల చాటునే నడుస్తుంది. స్టోక్‌మార్క్‌నెస్ దాటాక హాడ్సెల్ ఫ్యోర్డ్‌లో (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) కాసేపు గాలి తగులుతుంది, అంతే. స్వోల్వేర్ దాటి బోడో వైపు వెళ్తే మాత్రం వెస్ట్‌ఫ్యోర్డ్ అడ్డం వస్తుంది. పేరుకే ఫ్యోర్డ్, నిజానికి బాహాటమైన సముద్రం. మూడు నాలుగు గంటలు పడుతుంది. నైరుతి గాలి వీచిన రోజున నాలాంటివాణ్ణి కూడా కుర్చీ పట్టుకునేలా చేస్తుంది. కాబట్టి స్వోల్వేర్‌లో దిగెయ్యండి. ఎవరైనా "బోడో దాకా కానిచ్చెయ్యండి" అంటే వినకు.

ఇక దారిలో ఏముంటుందంటావా. హర్‌స్టా దాటాక రిసోయ్‌రెన్న అని ఒక కాలవ. అక్కడ సముద్రం ఎంత లోతు తక్కువంటే, అడుగున ఇసక తవ్వి దారి తీస్తే గానీ ఓడలు పోలేకపోయాయి. 1922లో తెరిచారు. ఎర్రవీ పచ్చవీ గుర్తుల మధ్య ఓడ నెమ్మదిగా, అడుగు తీసి అడుగు వేసినట్టు వెళ్తుంది. నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉంటాయి, రెండు పక్కలా అడుగున ఇసక కనబడుతుంది. అప్పుడు ముందు డెక్ మీద ఉండాలి, కాఫీ కోసం లోపలికి పోకూడదు. సోర్ట్‌లాన్‌లో సగం ఊరికి నీలం రంగు వేసి ఉంటుంది. స్టోక్‌మార్క్‌నెస్‌లో గంటసేపు ఆగుతుంది, అక్కడే ఈ ఓడల మ్యూజియం. 1956లో కట్టిన ఫిన్‌మార్కెన్ అనే పాత ఓడని ఒడ్డుకి లాగి, దాని చుట్టూ గాజు మేడ కట్టారు. మీ నాన్నగారు లోపలికి వెళ్తే బయటికి రారు, టైం చూస్తూ ఉండు. ఈ ఓడలు ఎవరి కోసమూ ఆగవు.

ఆ తర్వాత రాఫ్ట్‌సుండ్. రెండు పక్కలా నిలువు కొండలు, మధ్యలో ఇరవై కిలోమీటర్ల ఇరుకు దారి. దాని చివర ట్రోల్‌ఫ్యోర్డ్. మూతి దగ్గర వంద మీటర్ల వెడల్పే. వేసవిలో వాతావరణం బావుంటే కెప్టెన్ అంత పెద్ద ఓడని లోపలికి తీసుకుపోయి, ఉన్నచోటనే గిర్రున తిప్పి బయటికి తెస్తాడు. చలికాలంలో మంచు చరియల భయం, లోపలికి పోరు. 1890లో ఆ ఫ్యోర్డ్‌లోనే ఆవిరి ఓడలవాళ్ళకీ, చిన్న పడవల జాలర్లకీ పెద్ద కొట్లాట జరిగింది. ఆవిరి ఓడలవాళ్ళు మూతికి అడ్డంగా వల కట్టి లోపలి చేపంతా మాదే అన్నారు, పడవలవాళ్ళు మీద పడ్డారు. తర్వాత లొఫోటెన్‌లో ఆ రకంగా చేప పట్టడాన్ని ఆపుతూ చట్టమే వచ్చింది. మా భీమిలి వైపు రింగు వలల గొడవలు తెలిసినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

సంధ్యావందనం సంగతి. మా ఇంట్లో ఆ ఆచారం లేదు, నేను తీర్పు చెప్పలేను. ఇక్కడ ఒక తెలుగు మాస్టారు మాత్రం సొంత ఊరి గడియారం పెట్టుకుని చేస్తారు. జూన్‌లో మనకీ నార్వేకీ మూడున్నర గంటల తేడా. రాజమండ్రిలో పొద్దున అయిదున్నరకి సూర్యోదయమైతే ఇక్కడ రాత్రి రెండు, అంటే ఓడ కదిలిన అరగంటకి. సాయంత్రం సంధ్య ఇక్కడ మధ్యాహ్నం మూడు గంటలకి పడుతుంది, అప్పటికి ఆయన స్టోక్‌మార్క్‌నెస్ మ్యూజియంలో ఉంటారు. చూసుకోండి మరి. ఇంకో మాట, అర్ధరాత్రి సూర్యుడు కనిపించేది ఉత్తరాన. తూర్పు ఎటో ఫోన్‌లో దిక్సూచి చూసి చెప్పాలి. ట్రోమ్సోలో మే 20 ప్రాంతం నుంచి జులై 22 దాకా పొద్దు గుంకడమనేదే ఉండదు.

బాల్టిక్_బుల్లోడు

బాబాయ్ గారు చెప్పింది చదవడానికి బావుంది కానీ అన్నా, స్టాక్‌హోమ్‌లో ఉండి అంత దూరం ఎందుకు? సాయంత్రం హెల్సింకీ బోటెక్కితే పొద్దున్నే హెల్సింకీ. కాబిన్, బఫే, డ్యూటీ ఫ్రీ అన్నీ ఉంటాయి. కింద డెక్‌లో లారీలు కూడా ఎక్కుతాయి, కాబట్టి మీ నాన్నగారి లెక్కలో అదీ సరుకుల ఓడే. నార్వేలో కాఫీ ధరకి ఇక్కడ భోజనం వస్తుంది. ట్రోమ్సో ఫ్లైట్, అక్కడ హోటల్, స్వోల్వేర్‌లో హోటల్ కలుపుకుంటే తడిసి మోపెడు.

భీమిలి_బాబాయ్

ఖర్చు మాట నిజమే బుల్లోడా, కాదనను. హెల్సింకీ బోటుకి పేరు పెట్టను, స్టాక్‌హోమ్ దీవుల మధ్య నుంచి బయటికి వచ్చే ఆ మొదటి రెండు గంటలూ చాలా బావుంటుంది. కానీ ఆయన అడిగింది రేవు రేవుకీ ఆగే ఓడ. నీ బోటు దారిలో ఆగితే మారియహమ్న్ అనే దీవి ఊళ్ళో ఆగుతుంది, అదీ ఆ డ్యూటీ ఫ్రీ సీసాల పుణ్యమా అని. లారీ లారీలాగే ఎక్కుతుంది, లారీలాగే దిగుతుంది, పైనున్నవాడికి ఏమీ కనబడదు. ఈ తీరం ఓడ ముప్ఫై నాలుగు రేవుల్లో ఆగుతుంది. కొన్నిచోట్ల పావుగంటే. ఆ పావుగంటలో జరిగేదే అసలు తమాషా.

గోదారి_గట్టు

బాబాయ్, ఏ వైపు ఎక్కాలన్నది నాకు తట్టనేలేదు. చాలా థాంక్స్. నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన అడగమన్నవి: సరుకంటే ఏం సరుకు? మనం నిలబడి చూడొచ్చా, లేక తలుపులేసేసి "ప్రయాణికులు రాకూడదు" అంటారా? ఇప్పటికీ నిజంగా సరుకు మోస్తారా, టూరిస్టుల కోసం నాటకమా?

ఓస్లో_వదిన

ఈలోపు తిండి సంగతి నేను చెప్తాను. మా అత్తగారూ మావగారినీ వేసవిలో తీసుకెళ్ళాం, బోడోలో ఎక్కి ట్రోమ్సో దాకా. బాబాయ్ గారు చెప్పిన ఆ వెస్ట్‌ఫ్యోర్డ్ దగ్గర మా అత్తగారికి పేగులు నోట్లోకి వచ్చాయి. శొంఠి, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన ఉసిరికాయ ముక్కలు బుగ్గన పెట్టుకుని ఓడ నడుముకి, కింది అంతస్తులో కూర్చుంటే సర్దుకుంది. పై అంతస్తులో ముందువైపు అద్దాల హాలు ఉంటుంది, అందరూ అక్కడికే పోతారు. ఊగేటప్పుడు అన్నిటికన్నా చెడ్డ చోటు అదే. మాత్రలు వేసుకునేటట్టయితే ఓడ కదలక ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. బీపీ మందులు వాడుతుంటే డాక్టర్ని అడిగి.

శాకాహారం. "వెజిటేరియన్" అని బుకింగ్‌లోనే రాయించండి, పక్కన "చేప వద్దు, గుడ్డు వద్దు" అని విడిగా రాయించండి. ఎక్కగానే భోజనాల హాల్లో అమ్మాయికి మళ్ళీ నోటితో చెప్పండి, వాళ్ళు విసుక్కోరు. బంగాళాదుంపలు, సలాడ్, రొట్టె, చీజ్ ఎలాగూ ఉంటాయి. సూపు మాత్రం దేంతో కాచారో అడక్కుండా తాగనివ్వకండి, ఈ ఊళ్ళల్లో చేపల కాచునీళ్ళు అలవాటు. వాఫుల్స్‌లో గుడ్డు వేస్తారు. లెఫ్సె అని మెత్తటి రొట్టె, వెన్నా చక్కెరా రాసి మడత పెట్టి ఇస్తారు, మా మావగారు దాన్ని బొబ్బట్టు అనుకుని తిన్నారు, నచ్చింది. గోధుమ రంగు చీజ్ ఒకటుంటుంది, తియ్యగా పాలకోవా రంగులో. కొందరికి ప్రాణం, కొందరికి పడదు.

ఊరి నుంచి ఊరికి టికెట్ కొంటే భోజనం అందులో కలవదు, విడిగా కొనాలి. రెండు కంపెనీలున్నాయి కదా, హుర్టిగ్రూటెన్, హావిలా. హావిలాలో బఫే పెట్టరు, తిండి పారేయకూడదని చిన్న చిన్న ప్లేట్లలో తెచ్చిస్తారు. బఫే అయితే మనవాళ్ళు చూసి ఎంచుకోగలరు, ప్లేటయితే అడిగినట్టు చేయించుకోగలరు. మా వాళ్ళకి రెండోదే హాయిగా ఉంటుందనిపించింది.

నేనైతే ట్రోమ్సోలో వంటగది ఉన్న బస తీసుకుని పులిహోర కలిపి పట్టుకెళ్తాను. ఒక్క రోజుకి దిట్టంగా ఉంటుంది. భోజనాల హాల్లో సొంత తిండి తిననివ్వరు, కాబిన్‌లో తినండి. ఎలక్ట్రిక్ కుక్కర్ తెచ్చి కాబిన్‌లో ప్లగ్గు పెట్టాలని మాత్రం చూడకండి. ఓడలో నిప్పంటే వాళ్ళకి ప్రాణభయం, ఒప్పుకోరు.

కాబిన్ తీసుకోండి. మీకూ మీ ఆవిడకీ సోఫాలో సరిపోతుందేమో, పెద్దవాళ్ళకి కుదరదు. అడిగేటప్పుడు కింది అంతస్తు ముందువైపు కాకుండా చూసుకోండి. రేవు రేవుకీ ఓడని పక్కకి నెట్టే మర అక్కడే ఉంటుంది, తెల్లవారుజామున ఫిన్‌స్నెస్‌లో ఆగేటప్పుడు మంచం అదిరిపోతుంది. కొన్ని కిటికీల ముందు లైఫ్‌బోటు వేలాడుతూ ఉంటుంది, కాస్త తగ్గుతుంది ధర. పడుకోడానికేగా, తీసుకోవచ్చు.

అమ్మగారికి మంకీ క్యాపు, స్వెట్టర్, గాలి ఆపే కోటు. జూన్ కదా అని చీర మీద శాలువాతో డెక్ ఎక్కితే పది నిమిషాలు కూడా ఉండలేరు. ఎండ ఉన్నా పది డిగ్రీలు.

భీమిలి_బాబాయ్

వదిన గారు నా పని సగం చేసేశారు. ఇక సరుకు.

నాటకం కాదు. ప్రభుత్వం ఈ కంపెనీలకి ఒప్పందం మీద డబ్బిస్తుంది, రోజూ ఓడ నడపాలని, ఉత్తరాన సరుకు మొయ్యాలని. 2021 నుంచి ఆ పని ఇద్దరికి పంచారు, హుర్టిగ్రూటెన్‌కి ఏడు ఓడలు, హావిలాకి నాలుగు. మొత్తం పదకొండు ఓడలు గానుగలా తిరుగుతూనే ఉంటాయి. దక్షిణాన రోడ్లు, లారీలు వచ్చాక సరుకు తగ్గిపోయింది, బెర్గెన్ వైపు ఎక్కినవాడికి పెద్దగా ఏమీ కనబడదు. ఉత్తరాన, ముఖ్యంగా ట్రోమ్సో దాటి కిర్కెనెస్ దాకా, ఇంకా పని ఉంది. చలికాలంలో కనుమ దారులు మూసుకుపోతే కొన్ని ఊళ్ళకి ఓడే దిక్కు.

ఎలా జరుగుతుందంటే, ఓడ రేవుకి పక్కవాటుగా ఆనుకుంటుంది. తాళ్ళు బిగించారో లేదో, ఓడ పక్కన పెద్ద తలుపు పైకి లేస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ వాడు అప్పటికే ఇంజను ఆన్‌లో పెట్టి కాచుకుని ఉంటాడు. చెక్క పాలెట్లు ఒకటి వెనక ఒకటి: ప్లాస్టిక్ చుట్టిన అట్టపెట్టెలు, రంగు డబ్బాలు, టైర్లు, ఎవరింటికో వాషింగ్ మెషిన్. తిరిగి వచ్చేటప్పుడు గడ్డకట్టిన చేప పెట్టెలు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి తిరగకుండానే, అద్దంలో చూసుకుంటూ, బీప్ బీప్ మంటూ పరుగెడుతుంది. రెండు పాలెట్ల మధ్య సందులో చెయ్యి పట్టదు. అవతలి తలుపులో ప్రయాణికులు కార్డు గీకి దిగుతుంటారు, గీకినప్పుడల్లా టింగ్ మంటుంది, ఎవరు లోపలున్నారో ఎవరు లేరో కంప్యూటర్‌కి తెలుస్తుంది. గోదాములోకి నిన్ను రానివ్వరు. కానీ పై డెక్ మీద రేవువైపు కమ్మీ పట్టుకుని కిందికి చూస్తే మొత్తం కనబడుతుంది. నాన్నగారిని హర్‌స్టాలో అక్కడ నిలబెట్టు. ఉదయం ఎనిమిదికి అరగంట ఆగుతుంది. కాఫీ చేతిలో పెట్టు, ఇంకేం అక్కర్లేదు.

అన్ని రేవుల్లోనూ ఒకేలా అనుకోకు. కొన్నిచోట్ల రెండే పాలెట్లు, కొన్నిచోట్ల ఒక్క ముసలాయన సైకిల్‌తో దిగుతాడు. నాకవే ఇష్టం.

ఈ ఓడల సర్వీసు మొదలుపెట్టినాయన రిచర్డ్ విత్, ఆ స్టోక్‌మార్క్‌నెస్ వైపు కెప్టెనే. అంతకుముందు ట్రోండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి ఒక జాబు చేరడానికి వేసవిలో మూడు వారాలు, చలికాలంలో అయిదు నెలలు పట్టేదట. రాత్రిళ్ళు ఆ రాళ్ళ మధ్య ఓడ నడపడానికి ఎవడూ ఒప్పుకోలేదు. లైట్‌హౌస్‌లు తక్కువ, మ్యాపులు అరకొర. ఈయనా, ఓడకి దారి చూపే పైలట్ ఆండెర్స్ హోల్తే అనే అతనూ కలిసి ఏళ్ళ తరబడి ఒక పని చేశారు. ఏ దిక్కులో, ఎంత వేగంతో, ఎన్ని నిమిషాలు పోతే ఎక్కడికి చేరతామో దిక్సూచీ గడియారమూ పెట్టుకుని పుస్తకంలో రాసుకున్నారు. కళ్ళు మూసుకున్నా ఆ లెక్కతో నడపొచ్చని నమ్మకం కుదిరాక 1893 జులై 2న వెస్టెరోలెన్ అనే స్టీమర్ ట్రోండ్‌హైమ్ వదిలింది. జాబు వారంలో చేరడం మొదలైంది. 1898లో దారి బెర్గెన్ దాకా పెరిగింది. బ్యాంకులో లెడ్జర్లు రాసినాయన కదా మీ నాన్నగారు, ఆ పుస్తకం కథ చెప్పు ఆయనకి, నచ్చుతుంది.

రంగూన్ స్టీమర్ల మాట ఎత్తావు కాబట్టి ఒకటి. అవి కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ అలా తీరం వెంట ఆగుతూ పోయేవి, మనవాళ్ళని వేలమందిని బర్మాకి మోశాయి. కానీ ఆగడమంటే రేవుకి ఆనుకోవడం కాదు. దూరంగా లంగరు వేస్తే మసూలా పడవల్లో అలల మీద ఎగురుతూ వెళ్ళి తాడు నిచ్చెన పట్టుకోవాలి. కాకినాడ దగ్గర సముద్రం మరీ లోతు తక్కువ, ఓడ మైళ్ళ దూరంలో నిలిచేది. మా ముసలమ్మ చెప్పేది, ఓడెక్కడం కన్నా ఓడ దాకా పోవడమే గండమని. ఇక్కడ అమ్మగారికి ఆ బాధ లేదు, మెట్ల దారి మీద నడిచి పోవడమే. ఆటుపోట్లని బట్టి ఆ దారి ఒక్కోసారి ఏటవాలుగా ఉంటుంది, చెయ్యి పట్టుకో. లోపల లిఫ్టు ఉంటుంది.

వైజాగ్_డాక్‌గేట్

బాబాయ్ ఓడల కబుర్లు పెడితే నేను ఊరుకోలేను. గట్టు గారూ, మీ నాన్నగారి ఓడ మోజు తీరకపోతే ఇంటి దగ్గరే ఇంకోటుంది. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ ఓడ. ఎప్పుడో నెలకొకసారి కదులుతుంది, రెండున్నర మూడు రోజులు. ఊరి పేరు ఇప్పుడు శ్రీవిజయపురం అని మార్చారు గానీ టికెట్ లైన్లో అందరూ పాత పేరే అంటారు. నేను బంకు క్లాసులో వెళ్ళాను, వరసగా ఇనప మంచాలు, ఒకే హాలు, అండమాన్‌లో ఉద్యోగాలు చేసే శ్రీకాకుళం వాళ్ళే సగం మంది. పేకాట, ఉల్లిపాయ పకోడీ వాసన, రాత్రి డెక్ మీద పాటలు. కింద హోల్డులో సరుకు. పెద్దవాళ్ళయితే పై క్లాసు కాబిన్ తీసుకోండి. నార్వేలోలాగా కొండలేమీ కనబడవు, మూడు రోజులూ నీళ్ళే, మధ్యలో ఎగిరే చేపలు. అమ్మగారికైతే నేను చెప్పను.

గోదారి_గట్టు

వైజాగ్ అన్నా, దాన్ని నాన్నగారికి చెప్పను, చెప్తే రిటర్న్ టికెట్ రద్దు చేసుకుని అక్కడికే పోతారు.

బాబాయ్, నిర్ణయం అయిపోయింది: ట్రోమ్సో టు స్వోల్వేర్. ఇక రెండే సందేహాలు. లొఫోటెన్‌లో ఊరంతా ఎండు చేపలు వేలాడేసి ఉంటాయని చదివాను, అమ్మ ఆ వాసనకి తట్టుకోలేదేమోనని భయం. స్వోల్వేర్ నుంచి స్టాక్‌హోమ్ తిరిగి రావడం ఎలా?

భీమిలి_బాబాయ్

జూన్‌లో వస్తున్నావు కాబట్టి గండం చాలావరకు గడిచినట్టే. కాడ్ చేప చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి లొఫోటెన్ వస్తుంది. పట్టినవి పట్టినట్టు తల తీసి, తోకలు జతగా కట్టి, ఫిబ్రవరి నుంచి చెక్క పందిళ్ళ మీద వేలాడదీస్తారు. మే, జూన్ కల్లా దించేస్తారు. నువ్వెళ్ళేసరికి ఖాళీ పందిళ్ళు, ఎక్కడో అక్కడ తలల గుత్తులు మిగిలి ఉండొచ్చు. ఆ తలలు నైజీరియాకి పోతాయి, చేప ఎక్కువగా ఇటలీకి.

ఇంకోటి, మనూరి ఎండు చేప వాసన వేరు, ఇది వేరు. మనకి వేడి, ఈగలు, అందుకని ఉప్పు పట్టించి ఎండబెట్టకపోతే రెండు రోజుల్లో పోతుంది. ఇక్కడ ఉప్పు రేణువు కూడా వెయ్యరు. సున్నాకి అటూ ఇటూ ఉండే చలి, సముద్రపు గాలి, ఆ రెండే ఆరబెడతాయి. చలి ఎక్కువైతే చేప లోపల గడ్డకట్టి కండ పాడవుతుంది, తక్కువైతే ఈగ వాలుతుంది. రెండింటి మధ్య ఆ కాస్త సందులో వీళ్ళ బతుకంతా వెయ్యేళ్ళుగా నడుస్తోంది. పట్టుకుంటే చెక్కలా టకటక మంటుంది. వాసన ఉంటుంది, లేదనను. నాకు ఇల్లు గుర్తొస్తుంది. అమ్మగారికి కర్పూరం డబ్బీ ఇవ్వు.

తిరుగు దారి. స్వోల్వేర్‌లో రెండు రాత్రులుండండి, జూన్‌లో గదులు దొరకవు, ఇప్పుడే తీసుకో. అక్కడినుంచి నార్విక్‌కి బస్సుంది, నాలుగు గంటల పైచిలుకు, దారంతా వంతెనలూ సొరంగాలూ. ఘాట్ రోడ్డు కాదు గానీ వంపులుంటాయి, అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టు. నార్విక్‌లో ఎక్కితే రాత్రి రైలు నేరుగా స్టాక్‌హోమ్ తీసుకొస్తుంది. కిరునా నుంచి ఇనప రాయి దించే రైలు దారి అది, మొదటి గంట కిటికీ దగ్గర చోటు వదలకండి. బస్సుకీ రైలుకీ మధ్య కనీసం మూడు గంటల ఎడం పెట్టుకో, అక్కడ రైలు తప్పితే మళ్ళీ మర్నాడే. పడక బెర్తులు నాలుగూ ఒకే గదిలో కావాలని అడుగు.

ట్రోమ్సోకి సాయంత్రమే చేరితే ఓడ వచ్చేదాకా మా ఇంటికి రండి. పప్పూ అన్నం పెడతాం, పులిహోర కూడా మా ఇంట్లోనే కలుపుకోవచ్చు. ప్రైవేట్ మెసేజ్ పెట్టు, తేదీ చెప్పు.